బైరప్ప స్నానం నీళ్లు

2003 వేసవి. పుంగనూరులో ఆ వీధికి కొళాయి నీళ్లు ఐదు రోజులకొకసారి వస్తున్న కాలం. అలాంటి రోజుల్లో బట్టల కొట్టు బైరప్ప ఒకనాడు పొద్దున లేస్తూనే, ఇవాళ రెండు నిండు బకెట్లతో స్నానం చెయ్యాలని తీర్మానించుకున్నాడు. వాడిన నీటిని మళ్లీ వాడుకోవచ్చని మదనపల్లెలో ఒక ఇంజనీరు చెప్పగా విని, అంతకుముందే వారం రోజులు చెమటోడ్చి ఒక ఏర్పాటు చేసిపెట్టాడు. స్నానాల గదిలోని నీళ్లు మూడు డ్రమ్ముల్లో గులకరాళ్లు, బొగ్గులు, ఇసుక దాటి, గొట్టం గుండా గోడ అవతలి అరటి పిలకలకు చేరాలి.

"రెండు బకెట్లా? తాగేదానికే లేక సస్తాండాము," అంది భార్య పాపమ్మ.

"ఇవి పోయే నీళ్లు కాదు మే, తిరిగొచ్చే నీళ్లు," అంటూ బైరప్ప తలుపేసుకున్నాడు.

కాసేపటికి గోడ అవతల గొట్టంలోంచి తేటగా నీళ్లు పడసాగాయి. చేతిపంపు దగ్గర నుంచి ఖాళీ బిందెతో వస్తున్న ఎదురింటి కుప్పమ్మ చూసి ఠక్కున ఆగింది. బిందె కింద పెట్టి, "నీళ్లొస్తాండాయి, రాండి," అని కేక వేసింది. క్షణాల్లో గోడ పొడుగునా బిందెలు వరుస కట్టాయి.

సందడి విని బైరప్ప కిటికీలోంచి తొంగిచూశాడు. ఇంతమందీ తన ఏర్పాటు చూడటానికే వచ్చారనుకుని పొంగిపోయాడు.

"పాపమ్మా, వీధంతా వచ్చుండాది. ఇంగో రెండు బకెట్లు తే. ఇప్పుడు నీళ్లాగితే నా పరువు పోతాది."

పాపమ్మకూ హుషారొచ్చింది. నీళ్లతోబాటు మాసిన దుప్పట్లు కూడా తెచ్చి అక్కడే ఉతకడం మొదలుపెట్టింది. బయట ధార రెట్టింపయింది.

అంతలో నీళ్ల ఫిట్టరు ఉమాశంకర్ సైకిలు మీద అటుగా వచ్చాడు. కుప్పమ్మ అతణ్ణి ఆపి, "నీ పుణ్యాన నీళ్లొచ్చినాయప్పా, కాఫీ తాగిపో," అని ఇంట్లోకి వెళ్లి గ్లాసుతో వచ్చింది. రెండు గుక్కలు తాగాక ఫిట్టరుకు అనుమానమొచ్చింది. తాను ఈ వీధికి నీళ్లు వదలనే లేదు.

గ్లాసుతోనే వెళ్లి బైరప్ప తలుపు తట్టాడు. "ఎవురికీ రాని నీళ్లు నీకు యాడివప్పా? దొంగ కనెక్షను పెట్టినావు. ఉండే కొళాయి కూడా కోసేస్తా."

తడి తువ్వాలుతో వచ్చిన బైరప్ప చూపు గ్లాసు మీద పడింది. "కుప్పక్కా, ఆ కాఫీ ఏ నీళ్లతో పెట్టినావు?"

"ఈ నీళ్లతోనే. యాల?"

"గంధం వాసనొస్తాండాది, బాగుండాది," అన్నాడు ఫిట్టరు.

చెప్పకపోతే కొళాయి పోతుంది. చెబితే తన ఒళ్లు దక్కేలా లేదు. బైరప్ప తువ్వాలు బిగించి పట్టుకుని, "అవి నా స్నానం నీళ్లప్పా," అన్నాడు.

ఫిట్టరు గ్లాసు మెల్లగా అరుగు మీద పెట్టి, లోపలికెళ్లి డ్రమ్ముల్లోని సబ్బు నురగ చూశాడు. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

కుప్పమ్మ బిందె పట్టుకుని ముందుకొచ్చింది. నెత్తిన కుమ్మరిస్తుందనుకుని బైరప్ప కళ్లు మూసుకున్నాడు.

"కాఫీకి పనికిరాకపోతే పాయె. పదిదినాలుగా పాలిచ్చే మా ఎనుము ఒంటిమీద సుక్క నీళ్లు పడలేదు. మిగతావాళ్లకి బట్టలుండాయి, అంట్లుండాయి," అందామె. "రేపు ఎన్నిగంటలకి పోసుకుంటావు?"

బైరప్ప కళ్లు తెరిచాడు. బిందెలు ఒక్కటీ కదల్లేదు. ఏడింటికని చెప్పాడు. ఆరున్నరైతే బాగుంటుందని వీధి కోరింది, ఒప్పుకున్నాడు.

ఆ వేసవిలోనే బైరప్పకు మూడు రోజులు జ్వరమొచ్చింది. వీధంతా వచ్చి పలకరించింది, మళ్లీ స్నానం ఎప్పుడని.