చేయి పట్టని డాక్టరు చల్లగుండాలి!

చేయి పట్టి చూడని డాక్టరే ఉత్తముడని ఢంకా బజాయించి చెబుతున్నాను! పూర్వం వైద్యులు మణికట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని, అరగంట కూర్చునేవారు. ఆ అరగంటలో ఇప్పుడు ఇరవైమందికి సెలైన్లు ఎక్కడం లేదూ?

వేములవాడ దగ్గర ఒక ఊళ్లో (పేరెందుకు లెండి) ఆర్‌ఎంపీ శ్రీహరి అలాంటి మహానుభావుడు. చేయి కనబడితే చాలు, సూది దిగుతుంది. సూది వేయకుండా ఉత్త గోళీలిచ్చి పంపితే ‘ఇదేం డాక్టరు’ అని మూతి తిప్పుకునేది మనమే కదా!

బీడీలు చేసే లసుమవ్వ నీరసమని ఆయన దగ్గరికి పోయింది. ఆమె కుడి మోచేతి మడతలో, చర్మం కిందే, తాడులాంటి రక్తనాళం. శ్రీహరి మురిసిపోయాడు.

"గింత మంచి నరం నా సర్వీసులనే చూడలే!"

"గది చిన్నప్పటి సంది ఎగురుతది సారూ. జర ఏలు పెట్టి చూడు," అంది లసుమవ్వ.

"డాక్టర్ను నేనా, నువ్వా? సప్పుడు చెయ్యకు!"

ఎంత చక్కని మాట! ముప్పై ఏళ్లుగా రోజుకు వెయ్యి బీడీలు చుట్టినంత మాత్రాన, ఆ చేయి సంగతి ఆమెకు తెలిసిపోతుందా?

సూది దిగింది. వేళ్ల కొసల దాకా నిప్పు పోసినట్టయి ఆమె కెవ్వుమంది.

"మందు పవర్ గట్లనే ఉంటది," అన్నాడు శ్రీహరి.

సాయంత్రానికి వేళ్లు నల్లబడ్డాయి. మర్నాడు కరీంనగర్‌లో డాక్టరమ్మ ఆ మడత మీద వేలు పెట్టి చూసింది. "ఇది ధమని అవ్వా. లోపలుండేది కొందరికి ఇట్ల పైనే ఉంటది. దాంట్ల సూది వేస్తే మందు సీదా వేళ్లకు పోయి రక్తం ఆగిపోతది. ముట్టుకుంటే కొట్టుకునేది తెలుస్తది కదా!"

"నేను గదే చెప్పిన బిడ్డా," అని లసుమవ్వ భోరుమంది.

బొటనవేలు, చూపుడువేలు తీసేశారు. ఆ రెండూ లేకుండా బీడీ చుట్టడం ఎవరి తరం?

ఊరివాళ్లు నిలదీస్తే శ్రీహరి అస్సలు పరేషాన్ కాలేదు. "అందరికీ లోపలుండేది ఆమెకు మీదుంటె నేనేం జెయ్యాలె? ఆ చెయ్యే తప్పు!"

నాకు ఒళ్లు మండింది. కానీ ఆసుపత్రి కాగితంలోనూ ‘అసాధారణ రక్తనాళం’ అనే ఉంది. నిజమే, అలాంటి చేయి నూటికి ఏ నలుగురికో ఉంటుందట. చెప్పినా వినని చెవులు మాత్రం ఊరికో జత ఉన్నాయి. వాటిని అసాధారణమని ఇంతవరకూ ఏ కాగితమూ రాయలేదు!