రెండు నిమిషాల్లో జవాబిచ్చే మేనేజరు గారు

“ఏమండీ, మన చిట్టికి ఒకవేళ ఉద్యోగం వచ్చేస్తే ఎలాగండీ?”

ఇంకా ఏమీ జరగకముందు, ఒక పొద్దున్న, మా ఆయనతో నేనన్న మాట ఇది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ నావైపు అదోలా చూశారు.

“రాకపోతే ఎలాగని నిన్నటిదాకా ఏడ్చింది నువ్వే కదే?”

“అది నిన్నటి భయం. ఇవాళ్టిది ఇవాళ్టిదే.”

“ఊఁ” అన్నారు.

మా ఇంట్లో అదొక పద్ధతి. నేను భయం చెబుతాను, వాళ్ళు ఊఁ కొడతారు. గ్యాసు కట్టేశామో లేదో అంటే ఊఁ. మెట్లమీద నీళ్ళున్నాయి, జారతారేమో అంటే ఊఁ. ఎదురింటి కుక్క మంచిదే కావచ్చు, దానికి మనం మంచివాళ్ళలా కనపడకపోతేనో అంటే తండ్రీ కూతుళ్ళు కలిసి రెండు ఊఁలు.

సరే, అసలు సంగతికి వస్తాను. దొంగ ఉద్యోగాలిచ్చి జనాన్ని ముంచేవాళ్ళని పేపర్లలో, టీవీల్లో అందరూ తెగ తిడుతున్నారు. నేను మాత్రం తిట్టను. తిడితే కళ్ళు పోతాయి! వాళ్ళే లేకపోతే ఈ లోకంలో ఉద్యోగం అడిగిన పిల్లకి జవాబు చెప్పే దిక్కెవరో మీరే చెప్పండి!

మా చిట్టి ఒక చెప్పుల షాపులో నాలుగేళ్ళు క్యాష్ కౌంటర్లో పనిచేసింది. ఓనరుగారు ఒక శనివారం షట్టరు దించారు. సోమవారం ఎత్తడం మర్చిపోయారు. అప్పట్నుంచి ఏడు నెలలు పిల్లకి అదే పని, ఫోనులో దరఖాస్తులు పెట్టడం. బట్టల షాపుకి, మందుల షాపుకి, కళ్ళజోళ్ళ షాపుకి. అన్నీ కలిపి అరవై మూడు. ఆ అరవై మూడుమందిలో ఒక్కరంటే ఒక్కరు “నువ్వు మాకు పనికిరావమ్మా” అన్న పాపాన పోలేదు.

పనికిరావంటే అదీ ఒక జవాబేనండీ! ఓసారి ఏడ్చి, మొహం కడుక్కుని, ఇంకోచోట పెట్టుకోవచ్చు. బావిలో రాయేస్తే బుడుంగుమని చప్పుడైనా వస్తుంది. ఈ కంపెనీలు బావులకంటే లోతు.

అలాంటి రోజుల్లో ఆయన వచ్చారు. మేనేజరు గారు!

“అభినందనలు! మీరు మా సంస్థలో మిస్టరీ షాపర్‌గా ఎంపికయ్యారు” అని మెసేజ్. చిట్టి ఆ సంస్థకి దరఖాస్తే పెట్టలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈయన అడక్కుండానే పెట్టారంటే తల్లికంటే ఎక్కువ కాదూ? ఇంటర్వ్యూ లేదు. సర్టిఫికెట్లు అక్కర్లేదు. పేరు, ఇంటి అడ్రసు, బ్యాంకు పేరు అడిగారు, చాలన్నారు. మొన్నామధ్య ఒక షాపువాళ్ళు చెప్పుల డబ్బాలు సర్దడానికి ఐదేళ్ళ అనుభవం కావాలన్నారు, చూడండి మరి తేడా!

మిస్టరీ షాపర్ అంటే ఏంటే అని చిట్టినడిగాను. మామూలు మనిషిలా షాపుకెళ్ళాలట. ఎవరికీ చెప్పకుండా అన్నీ గమనించాలట. శుభ్రంగా ఉందా, పనివాళ్ళు మర్యాదగా మాట్లాడుతున్నారా చూసి రిపోర్టు రాయాలట. దానికి జీతం!

నాకు గుండె చెరువైపోయింది. ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇదే కదండీ! ప్రతి షాపుకీ వెళ్ళి, ప్రతిదీ పట్టి చూసి, వాసన చూసి, తేదీ చూసి, అనుమానపడి, కొనకుండా వచ్చేస్తున్నాను. ఒక్కరైనా ఒక్క పైసా ఇచ్చారా?

మేనేజరు గారి గొప్పతనం అక్కడితో ఆగలేదు. చిట్టి ఏమడిగినా రెండు నిమిషాల్లో జవాబు! “భోజనం చేశారా?” అని కూడా అడిగేవారు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేంత కష్టం రాలేదు కూడా.

మూడోరోజు కొరియర్‌లో కవరొచ్చింది. తెచ్చినాయన కాలింగ్ బెల్లు నొక్కితే నేను గొలుసు తీయకుండా, ఆ సందులోంచే, ఆయన తల్లి ఊరు దాకా అడిగాను. “అమ్మా, సంతకం పెడితే వెళ్ళిపోతాను” అని పాపం దణ్ణం పెట్టాడు. కవరు వెలుతురుకి ఎత్తిపట్టి చూశాను. లోపల చెక్కు. చిట్టి చెప్పుల షాపులో ఆర్నెల్లు నిలబడితే వచ్చేంత!

పనికి ముందే జీతమండీ! ఎక్కడైనా విన్నారా? ఆ షాపు ఓనరైతే పనయ్యాక కూడా ఇవ్వడానికి గొణిగేవాడు. ఈ చెక్కు బ్యాంకులో వేసుకుని, చిట్టి తన జీతం ఉంచుకుని, మిగతా డబ్బుతో పెద్ద సూపర్ మార్కెట్లో ఎనిమిది గిఫ్ట్ కార్డులు కొనాలి. ఇంటికొచ్చి వాటి వెనకాల గీరి, బయటపడ్డ నంబర్లు ఫొటో తీసి ఆయనకి పంపాలి. ఆ నంబరు తెలిస్తే చాలట, ఎక్కడున్నవాళ్ళయినా ఆ కార్డుతో సామాను కొనుక్కోవచ్చట. కార్డులు అమ్మేటప్పుడు కౌంటరువాళ్ళు ఎలా ప్రవర్తిస్తారో, అదీ పరీక్ష. అంతా గంటలో అయిపోవాలి. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు, చిట్టి కడుపులో మాట దాగదు గనక మాకు తెలిసింది. ఎవరైనా అడిగితే చుట్టాలకి కానుకలని చెప్పాలి. పది దాటితే గాని లేవని పిల్లకి పరుగు నేర్పారు, అబద్ధమాడటం రాని పిల్లకి అదీ నేర్పారు. అంతా ఫ్రీ! ట్రైనింగ్ ఫీజు ఒక్కపైసా తీసుకోలేదు.

చెక్కు వేసిన మర్నాడే ఖాతాలో డబ్బు కనపడింది. చిట్టి ఫోను నా మొహం ముందు పెట్టి నవ్వింది. ఏడు నెలల తర్వాత నవ్వింది!

“బ్యాంకువాళ్ళే డబ్బు చూపిస్తుంటే ఇంకా నీ భయమేంటే?” అన్నారు మా ఆయన.

నేను నోరు తెరిచాను. చిట్టి నా చెయ్యి పట్టుకుంది. “అమ్మా, ఒక్కసారి. ఈ ఒక్కసారికి నాకు భయం చెప్పకు.”

తెరిచిన నోరు మూసేశాను. కానీ ఆ ఖాతాలో చిట్టి నాలుగేళ్ళుగా దాచుకున్న సొమ్ము కూడా ఉంది. ఎప్పటికైనా సొంతంగా చిన్న చెప్పుల షాపు పెట్టాలని, గది అడ్వాన్సు కోసం దాచుకున్నది. ఆ రెండు డబ్బులూ ఒకే గూట్లో ఉండటం నాకెందుకో నచ్చలేదు. అయినా నోరెత్తలేదు.

నోరు మూసుకున్నాను గాని కాళ్ళు ఊరుకుంటాయా? చిట్టి వెనకాలే పది అడుగుల దూరంలో నేనూ సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. సబ్బుల గుట్ట వెనకాల నక్కాను. మిస్టరీ షాపర్‌కి మిస్టరీ తల్లి!

కౌంటర్లో తల నెరిసిన ఆవిడ, కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతోంది. ఎనిమిది కార్డులూ చూసి చిట్టి వైపు చూసింది.

“ఎవరికమ్మా ఇవన్నీ?”

“చుట్టాలకండీ. పుట్టినరోజులు.”

“ఎనిమిదిమందీ ఒకేరోజు పుట్టారా?”

చిట్టి చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ గొంతు తగ్గించింది. “ఫోన్లో ఎవరైనా కొనమన్నారా తల్లీ? వీటి నంబర్లు మాత్రం ఎవరికీ పంపకు.”

అప్పుడు చూడండి నా తెలివి! గ్యాసుని నమ్మను, మెట్లని నమ్మను, కొరియరాయన్ని నమ్మను. అంతటి దాన్ని, నా కూతురి మేలుకోరి మాట్లాడిన ఒకే ఒక్క మనిషి మీదకి సబ్బుల వెనకనుంచి దూకాను! నాకు అర్థమైపోయింది మరి. ఇది పరీక్ష. ఈవిడా కంపెనీ మనిషే. నా పిల్లని ఫెయిల్ చేయాలని చూస్తోంది!

“ఏమ్మా, మా పిల్ల డబ్బు, మా పిల్ల కార్డులు. మధ్యలో నీ సొమ్మేం పోయింది? నలుగురిలో నిలదీయడమేనా మీ మర్యాద? అన్నీ రాస్తాం, చూసుకో!”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బిల్లు కొట్టింది. కార్డులు ఇచ్చేసింది.

ఇంటికొచ్చి మేనేజరు గారు పంపిన రిపోర్టు ఫారం నింపాం. అందులో ఒక ప్రశ్న: “కౌంటరులో అనవసరమైన ప్రశ్నలు వేశారా?” చూశారా ముందుచూపు! వేశారని రాయించి, పదికి సున్నా నేనే దగ్గరుండి వేయించాను. చిట్టి కార్డులు గీరుతుంటే రజను నేలమీద పడకుండా కింద పేపరు పరిచింది కూడా నేనే.

నంబర్ల ఫొటోలు అందగానే “చాలా బాగా చేశారు!” అని మేనేజరు గారు పువ్వుల బొమ్మలు పంపారు. ఏడు నెలల్లో నా పిల్లని ఎవరైనా మెచ్చుకున్న మాట అదొక్కటే.

చెక్కు వేసిన ఐదోరోజున అది వెనక్కొచ్చింది. దొంగ చెక్కు! బ్యాంకులో గుమాస్తా చాలా ఓపికగా చెప్పాడు. “చెక్కు వేయగానే డబ్బు కనపడుతుందమ్మా. అది నిజమో కాదో తేలడానికి రోజులు పడుతుంది. కనపడటం వేరు, రావడం వేరు.” కార్డులకి పోయిన డబ్బంతా చిట్టి దాచుకున్న దాంట్లోంచే పోయినట్టు లెక్క తేలింది.

చిట్టి మేనేజరు గారికి మెసేజ్ పెట్టింది. రెండు నిమిషాలయింది. రెండు గంటలయింది. రెండు రోజులయింది. పాపం, ఆయన కూడా అరవై నాలుగో కంపెనీ అయిపోయారు.

నేను తలొంచుకుని ఆ సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. కౌంటరావిడ నన్ను చూసి తిట్టలేదు. అదే నాకు ఎక్కువ తిట్టినట్టయింది. “రసీదు ఉందా? గీరిన కార్డులు పారేయలేదు కదా?” అంది. కార్డుల కంపెనీకి వెంటనే ఫోన్ చేయమంది, పోలీసు స్టేషన్లో కాగితం రాసివ్వమంది. చేశాం. ఎనిమిదింటిలో రెండు కార్డులు ఇంకా వాడలేదట, ఆ రెంటినీ ఆపారు. ఆరు పోయాయి.

ఆవిడే ఇంకో సంగతి చెప్పింది. “మిస్టరీ షాపర్లు నిజంగానే ఉంటారమ్మా. నేనూ రెండేళ్ళు చేశాను. ఆ పని మనమే వెతుక్కుని చేరాలి. చేరడానికి డబ్బు అడగరు, ముందుగా చెక్కులు పంపరు. మన డబ్బుతో ఒక సబ్బు కొని, నాలుగు ముక్కలు రాసిస్తే, నెల తిరిగాక సబ్బు ఖర్చూ, పైన టీకి సరిపడా ఇస్తారు. ఎక్కువ డబ్బు పంపి, మిగతాది కార్డులు కొని నంబరు పంపమన్నాడంటే, వాడు ఎంత తియ్యగా మాట్లాడినా దొంగే.”

సబ్బు ఖర్చూ టీ డబ్బులూ! నిజం ఎప్పుడూ ఇంత చప్పగానే ఉంటుందేంటండీ?

అందుకే, అయ్యా షాపుల ఓనర్లూ, కంపెనీల పెద్దలూ, ఆ దొంగగారిని తిట్టేముందు మీకొక మాట. మీరు ఉద్యోగం ఇవ్వక్కర్లేదు. “వద్దమ్మా” అని ఒక్క ముక్క రాయండి. అరవై మూడుమంది పెద్దమనుషులు ఏడు నెలలు బెల్లంకొట్టిన రాయిలా కూర్చుంటే, ఒక్క దొంగ రెండు నిమిషాల్లో పలికాడు. దాహంతో ఉన్న పిల్ల గ్లాసులో నీళ్ళు ఎవరు పోశారని చూస్తుందా?

ఇంత పెద్ద నీతి మీకు చెబుతున్నాను గాని, నా సంగతీ చెప్పాలి కదా.

చిట్టి గది తలుపేసుకుంది. రెండు రోజులు పిలిస్తే పలకలేదు. మా ఆయన తలుపు దగ్గరకెళ్ళి “లిఫ్టు పడిపోతే మళ్ళీ ఎక్కించమూ?” అన్నారు. ఆయనకి తెలిసిన ఓదార్పు అదే. మూడోరోజు మధ్యాహ్నం ఆయన పనికెళ్ళాక, నేనే ఆ తలుపుకి వీపు ఆనించి గచ్చుమీద కూర్చున్నాను.

“చిట్టీ, ఫ్యాను మరీ ఎక్కువ పెట్టుకోకే, జలుబు చేస్తుంది” అన్నాను ముందు. అలవాటు.

ఊఁ లేదు.

“ఆ కౌంటరావిడ, వాళ్ళ షాపులో మనిషి కావాలంటున్నారని చెప్పి నిన్ను రమ్మంది. వాళ్ళు వద్దంటే వద్దని నీ మొహానే చెబుతారట.”

ఊఁ లేదు. ఊఁ కూడా లేని ఇల్లు ఎంత పెద్దగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

“నాకు ఆరోజే భయమేసిందే” అన్నాను చివరికి. “చెక్కు చూసినప్పుడే వేసింది. డబ్బు కనపడ్డప్పుడు ఇంకా వేసింది. కార్డులు గీరుతుంటే, కింద పేపరు పరుస్తూ కూడా భయపడ్డాను. నువ్వు నవ్వుతున్నావని చెప్పలేదు.”

వంటింట్లో కుళాయి చుక్కలు పడుతున్నాయి. కుళాయి సరిగ్గా కట్టలేదేమో, లేచి కట్టనా అనుకున్నాను. లేవలేదు.

తలుపుకి అవతల ఏదో కదిలింది. నా వీపు దగ్గరే, అంటే అదీ కిందే కూర్చుందన్నమాట.

“నువ్వు భయపడలేదు కదా, ఏమీ కాదులే అనుకున్నానమ్మా” అంది చిట్టి. “నోరు మూసుకోమంటే ఏనాడైనా మూసుకున్నావా నువ్వు? ఆ ఒక్కరోజే ఎందుకు మూసుకున్నావు?”