చుట్టాల నిరోధక గృహం

తిరుపతిలో ఇల్లు కట్టుకునేవాడికి గోడలు లేచేలోపే చుట్టాలు దిగుతారన్నది అందరికీ తెలిసిన విషయమే. కొండకు వచ్చే ప్రతివాడికీ ఆ ఇంట్లో ఒక చాప, ఒక బకెట్టు వేణ్ణీళ్లు జన్మహక్కు. లాడ్జి యజమాని భానుచందర్ ఈ జాతీయ సమస్యకు వైరింగు ద్వారా శాశ్వత పరిష్కారం కనిపెట్టాడు. డబ్బిచ్చే అపరిచితులకు లాడ్జిలో రోజంతా స్వాగతం చెప్పే మనిషి, ఇంటికొచ్చి ఉత్తపుణ్యానికి స్వాగతం చెప్పాలంటే ఎంత కష్టమో పాఠకులు సానుభూతితో అర్థం చేసుకోగలరు.

బెంగళూరులో చదివొచ్చిన ఇంజనీరు చక్రధర్, ప్లాస్టరింగుకు ముందే గోడలన్నీ చీల్చి పైపులు పరిచాడు. గేటు దగ్గర కెమెరా. గంధం పూసిన గుండుతో ఎవరు నిలబడినా ఇల్లు దానంతటదే చచ్చినట్టు పడుకుంటుంది. లైట్లు ఆరిపోతాయి, టీవీ నోరు మూసుకుంటుంది, కుక్కరు కూత వినిపించకుండా వంటింటి కిటికీ మూసుకుంటుంది. "మేము ఊళ్లో లేము" అని భానుచందర్ గొంతే మర్యాదగా చెబుతుంది. బయటివాళ్ల బతిమాలడం వింటే మనసు కరిగే ప్రమాదం ఉంది గనుక, మాట లోపలి నుంచి బయటికే పోతుంది. తాళంచెవులు అనాగరికమని రద్దు చేశారు. ముఖం గుర్తుపట్టాకే తలుపు తెరుచుకుంటుంది.

ఇంత ప్రణాళికలో భానుచందర్ భార్య జ్ఞానాంబ అడిగింది ఒక్కటే.

"ఇంజనీరప్పా, నగరి నుంచి మా చెల్లెలు వసంతమ్మ వస్తే నాకు ఇనపడేట్టు వంటింట్లో ఒక బెల్లు పెట్టియ్యప్పా."

"ఆ యమ్మ రాకూడదనే గదా ఇంత ఖర్చు పెడతా ఉండాను!" అన్నాడు భర్త.

అభ్యర్థన పరిశీలనలో ఉంచబడింది. జ్ఞానాంబ ఆ రోజు ఏడ్చింది. ఏడుపును గుర్తించే పరికరం ఇంకా మార్కెట్లోకి రాలేదు.

గృహప్రవేశంనాడు భానుచందర్ వీధివాళ్ల ముందు ఉపన్యసించాడు. "ఇది ఇల్లు కాదప్పా, తెలివి! ఎవురు లోపలికి రావాల, ఎవురు బయటే ఉండాల అనేది ఇంక ఇదే సూసుకుంటాది." అందరూ చప్పట్లు కొట్టారు.

ఇల్లు క్షేమంగా పూర్తయితే తలనీలాలు ఇస్తానని జ్ఞానాంబ మొక్కుకుని ఉంది. మొగుడికి తీరిక లేక, చెల్లెల్ని తోడు తీసుకుని కొండకు పోయింది. దర్శనానికి ఫోను తీసుకుపోనివ్వరు కాబట్టి ఇంట్లోనే పెట్టి పోయింది. మొక్కు తీర్చుకుని కిందికి దిగాక వసంతమ్మ, "మీ ఇంటికి నేను రాన్లే అక్కా, ఆ గేటుతో నేను మాట్లాడలేను" అని నగరి బస్సు కోసం బస్టాండులోనే ఆగిపోయింది.

మిట్టమధ్యాహ్నం జ్ఞానాంబ గుండుతో, లడ్డూల సంచితో తన ఇంటి గేటు ముందు నిలబడింది. ఇల్లు చచ్చిపోయింది. "మేము ఊళ్లో లేము" అంది మొగుడి గొంతు. "నేనయ్యా, నీ పెండ్లాన్ని!" అని ఆమె అరిచిన అరుపు నిబంధనల ప్రకారం లోపలికి పోలేదు. లోపల భానుచందర్ తృప్తిగా భోంచేసి, లాడ్జికి పోదామని కారు బయటికి తీసినప్పుడే ఆమెకు గేటు తెరుచుకుంది.

వీధంతా పోగైంది. చక్రధర్‌ను పిలిపించారు. అతడు పరికరాలన్నీ గంభీరంగా పరీక్షించి తీర్పు చెప్పాడు.

"సిస్టంలో తప్పేమీ లేదమ్మా. కెమెరాకు అనుమానమొచ్చి 'ఈమె ఎవరు?' అని ఫోన్లో సార్‌నే అడిగింది. సారు ఫొటో పెద్దది చేసి సూసి, 'తెలీదు' అని నొక్కినారు."

జ్ఞానాంబ మొగుడి వైపు తిరిగింది. "ఇన్నేండ్లూ నువ్వు సూసింది నా జుట్టొక్కటేనా?"

ఆయన ఫోను చూసుకుంటున్నాడు. ఆమె లడ్డూల సంచి అక్కడే పెట్టి, "వెంట్రుకలు మొలిచినాక వస్తాలే" అని బస్టాండుకు ఆటో ఎక్కింది.

వీధిలోని మగవాళ్లు నోళ్లు తెరిచారు. సొంత పెళ్లాన్నే ఎండలో నిలబెట్టిన సిస్టం ముందు చుట్టాలెంత! అక్కడికక్కడే సగం వీధి ఆర్డర్లిచ్చింది. చక్రధర్ ముందుజాగ్రత్తగా, "మళ్లీ పొరపాటు రాకుండా, మీ మీ ఆడవాళ్ల ముఖం ఎట్లుంటాదో కొంచెం చెప్పండి సార్" అన్నాడు.

పెద్దమనుషులందరూ కాసేపు ఆలోచించి, జేబుల్లోంచి ఫోన్లు తీసి పెళ్లాల ఫొటోలు వెతకడం మొదలుపెట్టారు.