గేటు మీద ఉగోయే

ఇరవై రెండేళ్లుగా తెర మీద కోడళ్లను ఏడిపించి బతుకుతున్న ఉగోయే, ఆ శనివారం పొద్దున మాత్రం మంచి ఆడమనిషిలా కనిపించాలని తీర్మానించుకుంది. పదింటికి దర్శకుడు అజుకా ఇంటికొస్తున్నాడు. ఆయన కొత్త సీరియల్‌లో, పిల్లల కోసం తాను పస్తులుండే తల్లి వేషం ఒకటి ఖాళీగా ఉంది. "మీ ముఖంలో దయ ఉందో లేదో ఒకసారి చూసుకోవాలండీ" అని ఫోన్‌లో మొహమాటపడుతూనే చెప్పాడు. ఇవాళ ఆ దయ కనిపించకపోతే ఇక ఈ జన్మకు గయ్యాళి అత్త వేషాలే గతి.

ఆమె ఉండే అసాబా ఊళ్లో అత్త వేషం తెర మీదే వదిలి రావడం కుదిరే పని కాదు. ఆమెను చూస్తే టాక్సీవాళ్లు ఆపకుండా పోతారు. మలుపులో టమాటాలమ్మే ఎకెనే వాళ్లమ్మ అయితే బుట్ట మీద గుడ్డ కప్పేసి, "ముందా కోడలిపిల్లకు అన్నం పెట్టు, తర్వాత టమాటాలడుగు" అనేది. అది సినిమా అక్కా అని బతిమాలితే, "సినిమాలో అయినా ఆకలి ఆకలే కదా" అనేది.

అందుకని ఉగోయే అద్దం ముందు కూర్చుని తన దుర్మార్గాన్ని ఒక్కొక్కటిగా ఊడదీసింది. పొడుగు విగ్గు తీసి పక్కన పెట్టింది. వంకీలు తిరిగిన కనుబొమలు కడిగేసింది. ఆ కనుబొమలు లేకుండా ఆమెను చూసినవాడు ఊళ్లో భర్త ఒక్కడే, ఆయనా పోయి ఏడేళ్లయింది. తెల్ల లేసు బట్టలు కట్టి, తలకు తెల్లగుడ్డ చుట్టుకున్నాక అద్దంలో ఎవరో పరాయి మనిషి కనిపించింది. చూడబోతే మంచిదానిలాగే ఉంది.

అంతా బాగానే ఉంది కానీ ఆమె ఒక్కటి మరిచిపోయింది. ఇల్లు షూటింగులకు అద్దెకివ్వడం ఆమెకు అలవాటు. నిన్న అక్కడే ఆఖరి సీను తీశారు, అందులో ఆమె వేసిన అత్త చచ్చిపోతుంది. చావు జరిగిన ఇంటి గేటుకు పోయినవాళ్ల ఫొటోతో పెద్ద పోస్టరు అంటించడం ఆ ఊరి ఆచారం కనుక సినిమావాళ్లూ అంటించారు. వెళ్తూ వెళ్తూ కుర్చీలు, దీపాలు, ఆఖరికి మిగిలిన అన్నం కూడా జాగ్రత్తగా పట్టుకుపోయినవాళ్లు పోస్టరు మాత్రం వదిలేశారు. కింద పాత్ర పేరు రాసే ఉంది. అంత పెద్ద ఫొటో ఉండగా పేరెవరు చదువుతారు?

తొమ్మిదింటికి కిటికీలోంచి చూస్తే ముంగిట్లో పదిమంది ఆడవాళ్లున్నారు. తొమ్మిదిన్నరకు పందిరి లేచింది. ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. ఇద్దరు మనుషులు టమాటాలతో ఎర్రగా వండిన జొల్లోఫ్ అన్నం డేగిసా మోసుకొస్తున్నారు. ఉగోయేకు ఆనందంతో కాళ్లు నేల మీద నిలవలేదు. వేషం సంగతి అప్పుడే పొక్కింది, అభినందించడానికి వీధి వీధంతా కదిలి వచ్చింది అనుకుంది. దయ ఉట్టిపడే నవ్వొకటి సిద్ధం చేసుకుని, పక్కతలుపు తీసి బయటికి నడిచింది.

"అయ్యో, చెల్లెలు కాబోలు" అంటూ ఎకెనే వాళ్లమ్మ వచ్చి వాటేసుకుంది. "అచ్చం అదే పోలిక. కనుబొమలే లేవు పాపం."

ఆమె భుజం మీదుగా, బార్లా తెరిచిన గేటు మీద, ఉగోయేకు తన ముఖమే కనిపించింది. పైన నల్లటి అక్షరాల్లో 'దేవుడి పిలుపు' అని ఉంది.

"అక్కా, నేను చావలేదు. నేనే ఉగోయేని."

"అలాగే అనిపిస్తుంది తల్లీ. మా ఆయన పోయినప్పుడు నేనే పోయానని మూడ్రోజులు మంచం దిగలేదు."

"నిజంగా నేనేనక్కా."

"ఈ పిల్లకు కాసిని మంచినీళ్లు తెండే" అని వెనక్కి కేకేసి, ఆమెను వంటింట్లోకి నడిపించి, పీట మీద కూర్చోబెట్టి ఎకెనే వాళ్లమ్మ మళ్లీ పందిట్లోకి వెళ్లింది.

వంటింటి కిటికీలోంచి పందిట్లో మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ముగ్గురు కోడళ్లకు విషం పెట్టింది."

"ఇద్దరికే. మూడో ఆమె రెండో భాగంలో లేచింది."

"ఇంతకీ ఏం జబ్బట?"

"జబ్బేమిటి, ఆ కోడళ్ల ఉసురు."

ఉగోయేకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఒక్కొక్కరి జుట్టూ పట్టుకుని తాను బతికే ఉన్నానని నమ్మించాలని లేచింది. అంతలో ఎకెనే వాళ్లమ్మ గొంతు లేచింది.

"నోళ్లు మూయండి. పోయిన వానల్లో నా బుట్ట కాలవలో పడితే, ఎత్తు చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో దిగి టమాటాలేరింది ఎవరనుకున్నారు? ఏరిస్తుంటే కూడా తిట్టాను. రేపట్నుంచి నేనెవర్ని తిట్టుకోను?"

ఆ మాటతో ఆవిడ భోరుమంది. ఉగోయే మళ్లీ పీట మీద కూలబడింది. అంత మంచి మనిషి పోయిందంటే ఆమెకూ దుఃఖం ఆగలేదు. ఏడిపించడం తప్ప ఏడవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. ముక్కు చీదుకుంటూ, బయటికి వినపడకుండా, తలగుడ్డ కొసతో కళ్లొత్తుకుంటూ ఏడ్చింది.

ముందువైపు పందిరి అడ్డంగా ఉండటంతో వెనకదారిన వచ్చిన అజుకా, వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీరు చెల్లెలని బయట చెప్పారండీ. మీ అక్కకో వేషం గురించి వచ్చాను. అబద్ధమెందుకు, వద్దని చెబుదామనే వచ్చాను. ఆ మహాతల్లి కళ్లలో కారం తప్ప ఇంకేం కనపడదు."

ఉగోయే నోరు తెరిచింది.

"అలాగే ఉండండి, కదలకండి" అన్నాడు అజుకా. "పాతికమందిని చూశాను, ఇంత దయగల ముఖం చూడలేదు. అడగాల్సిన సమయం కాదనుకోండి. మీరెప్పుడైనా నటించారా?"

నేనే ఉగోయేనంటే వేషం పోతుంది. అనకపోతే తాను పోయినట్టే. ఇరవై రెండేళ్ల అత్తరికాన్నీ, ఆ పాపిష్టి కనుబొమలనూ ఒక్క క్షణం తలుచుకుంది.

"లేదండీ" అంది తల వంచుకుని. "మా అక్కే నటించేది."

సోమవారం పొద్దున్నే రమ్మని చెప్పి అజుకా వెళ్లిపోయాడు.

సాయంత్రం జనం పల్చబడ్డాక ఎకెనే వాళ్లమ్మ బుట్టెడు టమాటాలు తెచ్చి, గుడ్డ కప్పకుండా, ఆమె ఒళ్లో పెట్టింది.

"వండుకు తిను తల్లీ. నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది నువ్వెంత మంచిదానివో. మీ అక్క ఉందే, మనిషి మంచిదే గానీ, ఆ కోడళ్ల విషయంలో మాత్రం..."

ఉగోయే బుట్టను గట్టిగా పట్టుకుని, పోయినవాళ్ల గురించి అలా మాట్లాడకూడదని ఆవిడను మెల్లగా మందలించింది.