మార్లీన్ నోరు విప్పలేదు

మార్చి మొదటి మంగళవారం పొద్దున మార్లీన్ థిబో పెట్టుకున్న పని చాలా చిన్నది. ఊరి సభకు వెళ్లాలి. విన్‌ఫ్రెడ్ కాబ్ చేత ఒక సంతకం పెట్టించుకోవాలి. దాని పక్కన టౌన్ క్లర్క్ లొరెట్టా పెల్కీ చేత నోటరీ ముద్ర వేయించుకోవాలి. ఇద్దరూ ఒకే హాల్లో, ఒకే వేదిక మీద ఉంటారు. మధ్యలో భోజనం ఊరివాళ్లే పెడతారు. ఇంత సుఖమైన పనికి రాత్రంతా అటూ ఇటూ దొర్లడం ఏమిటని ఆమె భర్త ఆర్మండ్ వేళాకోళం చేశాడు.

దొర్లడానికి కారణం ఉంది. ఏళ్ల తరబడి కార్వర్స్ హాలో ఊళ్లో బడి బస్సు నడిపిన మార్లీన్, యాభై దాటాక స్టీరింగు వదిలి మానసిక ఆరోగ్య కౌన్సెలర్ కావాలని బయల్దేరింది. పిల్లల వయసువాళ్ల పక్కన కూర్చుని పై చదువు చదివింది. పరీక్షలు రాసింది. విన్‌ఫ్రెడ్ పర్యవేక్షణలో మొదట ఆస్పత్రిలో, తర్వాత ఊళ్లో ఒక గది పెట్టుకుని వేల గంటలు జనం గోడు వింది. వెర్మాంట్ రాష్ట్రం లైసెన్సు ఇవ్వడానికి ఇక మిగిలింది ఒక్కటే. ఈమె పని తెలిసిన మనిషి, నడవడిక మంచిది అని పర్యవేక్షకురాలు నోటరీ ఎదుట సంతకం చేయాలి. ఆ పర్యవేక్షకురాలేమో రేపు తెల్లారేసరికి న్యూజిలాండ్‌లో కూతురి దగ్గరికి విమానం ఎక్కేస్తోంది. ఆకులు రాలే రోజుల దాకా తిరిగి రాదు. లైసెన్సు వస్తుందన్న నమ్మకంతో ఆస్పత్రివాళ్లు అట్టిపెట్టిన ఉద్యోగం అంతకాలం ఆగదు. ఈ రోజు తప్పితే అంతే సంగతులు.

చిక్కుడుగింజల కుండ ఒళ్లో పెట్టుకుని ఆర్మండ్ పొరుగువాళ్ల బండిలో ముందే వెళ్లిపోయాడు, వంటశాలలో అతని వంతు ఉంది కనుక. వెనకాల ఒక్కతే బయల్దేరిన మార్లీన్ కారు మలుపు దగ్గర బురదలో ఇరుసు దాకా దిగబడింది. మంచు కరిగే రోజుల్లో ఆ ఊళ్లో ఇది దగ్గు, జలుబు లాంటిదే. ఎవరూ కంగారు పడరు. ఊరి ట్రక్కు అటుగా రావడం చూసి మార్లీన్ కూడా హమ్మయ్య అనుకుంది. నడుపుతున్నది ఎవరో కనిపించాక మాత్రం గుండె గుభేలుమంది.

అతను ఎవరెట్ పెల్కీ, ఊరి రోడ్ల మేస్త్రీ. కొండలాంటి మనిషి. ప్రతి గురువారం సాయంత్రం మార్లీన్ గదికి వచ్చి కూర్చునే మనిషి కూడా. ఆ సంగతి అతనికి కాక భూమ్మీద మార్లీన్‌కీ, ఆమె పర్యవేక్షకురాలు విన్‌ఫ్రెడ్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలియకూడదు. మొదటి రోజే ఒప్పందం అయింది. బయట ఎదురుపడితే మార్లీన్ తనంతట తాను పలకరించదు. అతను పలకరిస్తేనే పలుకుతుంది. ఈ వృత్తిలో అందరూ పాటించే పద్ధతే అది. అయితే ఇవాళ ట్రక్కులో ఎవరెట్ పక్కన అతని భార్య లొరెట్టా కూర్చుని ఉంది.

ఎవరెట్ దిగాడు. మార్లీన్ రోడ్డు పక్క కంచెను తదేకంగా చూస్తోంది. ఎరగనట్టు ఉండాలంటే ఎంత ఎరగనట్టు ఉండాలో ఆ మహానుభావుడికి అంతు తెలియలేదు. టోపీ తీసి వంగి మరీ అడిగాడు.

"నమస్కారమండీ. తమరు ఈ ఊరికి కొత్తా? మీ పేరు?"

ట్రక్కులో లొరెట్టా కాఫీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఏమయ్యా, నీకేమైనా మతి పోయిందా? మార్లీన్ కదూ! మన పిల్లలు ముగ్గుర్నీ బడికి తీసుకెళ్లి దింపిందెవరనుకున్నావు?"

"ఓహో, ఆ మార్లీన్ గారా! ఎక్కడో చూసినట్టే ఉంది," అన్నాడు ఎవరెట్.

"ఎక్కడో ఏమిటి? మీ అమ్మ పోయినప్పుడు కేకు చేసి తెచ్చింది ఈవిడే. రెండు ముక్కలు అడిగి మరీ తిన్నావు!" లొరెట్టా కిందికి దిగింది. ఓసారి మొగుణ్నీ, ఓసారి మార్లీన్‌నీ చూసింది. "మార్లీన్, నువ్వైనా చెప్పు. మా ఆయన నీకు తెలుసా, తెలీదా?"

తెలుసు అంటే అక్కడితో పోయేది. ఆ ఊళ్లో ఎవరెట్ తెలియనిది పసిపిల్లలకే. కానీ మార్లీన్ వృత్తి చట్టాల పరీక్ష గట్టెక్కి ఇంకా నెల తిరగలేదు. చదివిందంతా నాలుక చివరే ఉంది. తను ఆపేలోపు అది బయటికి వచ్చేసింది.

"ఆ వ్యక్తి నాకు తెలుసునని గానీ, తెలియదని గానీ చెప్పడానికి వీల్లేదు."

"ఏ వ్యక్తి?"

"ఏ వ్యక్తయినా."

ఎవరెట్ కంగారుగా గొలుసు తగిలించి ఒక్క ఊపున లాగాడు. కారు బయటికి వచ్చింది. ముందు బంపరు మాత్రం బురదలోనే ఉండిపోయింది.

"అయ్యయ్యో! ఏం పర్లేదులెండి, బాగుచేసి గురువారం వచ్చేటప్పుడు పట్టుకొస్తాను," అన్నాడతను. అన్నాక కళ్లు మూసుకున్నాడు.

"గురువారం నీకు వెల్డింగ్ క్లాసు కదా!" అంది లొరెట్టా. ఈసారి గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అది ఇంకా భయం పుట్టించింది.

టౌన్ హాలు గుమ్మంలో ఓటర్ల పేర్లు సరిచూసేది లొరెట్టాయే. మార్లీన్ వంతు రాగానే తలెత్తి, "తమరు ఈ ఊరికి కొత్తా? పేరు?" అంది. వెనకాల ఉన్నవాళ్లు చెవులు నిక్కించారు. మార్లీన్ తన పేరు తాను బడిపిల్లలా చెప్పుకుని లోపలికి వెళ్లి, నేరుగా వేదిక దగ్గర ఆగింది. ఆ ఊరి సభకు ఏటా అధ్యక్షత వహించేది విన్‌ఫ్రెడ్‌ కాబే. చెక్క సుత్తి పట్టుకుని రెడీగా ఉంది.

"విన్‌ఫ్రెడ్ గారూ, ఆ సంతకం ఇప్పుడే పెట్టేస్తారా? పొద్దున గురువారం ఆయన..."

"ఆ వారం పేరు ఇక్కడ ఎత్తకు," అంది విన్‌ఫ్రెడ్ పెదవి కదపకుండా. "సంతకం భోజనాల వేళ. లొరెట్టా ముద్ర కూడా కావాలిగా. వెళ్లి కూర్చో."

లొరెట్టా ముద్ర! అప్పటిదాకా ఆ సంగతి తట్టనందుకు మార్లీన్ తన మీద తానే మండిపడింది. తన లైసెన్సు మీద పడాల్సిన ముద్ర, తనను కళ్లతోనే కాల్చేస్తున్న మనిషి సంచిలో ఉంది.

గ్రంథాలయం పద్దు గడిచేసరికి గుసగుసలు చివరి వరుస దాకా చేరాయి. అగ్నిమాపక బండి పద్దు వచ్చేసరికి చివరి వరుస నుంచి తిరిగి ముందుకొచ్చాయి, రెట్టింపు బలంతో. రోడ్ల పద్దు చదవగానే వెనకాల ఒకాయన లేచాడు. ఆ సభలో ఎవరితో ఏం మాట్లాడాలన్నా అధ్యక్షురాలి వైపు తిరిగే మాట్లాడాలి. తిట్టాలన్నా అంతే.

"అధ్యక్షురాలి ద్వారా రోడ్ల మేస్త్రీని అడుగుతున్నా. ప్రతి గురువారం సాయంత్రం ఊరి ట్రక్కు పాత వెన్న ఫ్యాక్టరీ వెనకాల ఎందుకుంటోంది? అక్కడ బాగుచేయడానికి రోడ్డే లేదు."

ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు వాడుకలో ఉన్నది ఒక్క గదే. అది మార్లీన్ కౌన్సెలింగ్ గది; అక్కడికి ఇంకా ఎవరూ రావట్లేదనే ఊరంతా అనుకుంటోంది. హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ఎవరెట్ టోపీని పిండుతూ నేల చూస్తున్నాడు.

"ట్రక్కొక్కటేనా? బుధవారాలు అక్కడో పాల లారీ కూడా చూశాను," అందొక ముసలావిడ, అధ్యక్షురాలి ఊసే లేకుండా.

వంటశాల తలుపు తెరుచుకుంది. ఆర్మండ్ గరిటెతో సహా బయటికి వచ్చాడు.

"మార్లీన్, ఏమిటిది?"

"ఇంటికెళ్లాక..." అని మొదలుపెట్టి మార్లీన్ ఆగిపోయింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. "ఇంటికెళ్లాక కూడా చెప్పలేను, ఆర్మండ్."

"పాల లారీ కూడానా?" అన్నాడతను.

అప్పుడు లేచాడు ఆరిన్ స్టాడర్డ్. యాభై ఆవుల ఆసామి. అతని ముఖం జేగురు రంగుకి తిరిగింది. "ఇలాంటి మనిషికి లైసెన్సు ఎలా ఇస్తారండీ! మార్లీన్ థిబో నడవడిక మీద ఈ ఊరికి నమ్మకం లేదని రాష్ట్ర లైసెన్సు బోర్డుకి రాయాలని తీర్మానం పెడుతున్నాను."

ఆ పాల లారీ ఆరిన్‌దే. బుధవారం మధ్యాహ్నాలు తన ఎదుట కూర్చుని ముక్కు చీదుకునేది అతనే. ఆ లారీ ఎవరిదని ఎవరైనా అడిగేలోపు అందరికంటే గట్టిగా తన మీద అరవాలనుకున్నాడని ఆమెకు అర్థమైంది. ఆ సంగతి తెలిసిన మరో మనిషి వేదిక మీద సుత్తి పట్టుకుని పాలిపోయి ఉంది. ఇద్దరికీ నోటికి ఒకటే తాళం.

ఎవరో బలపరిచారు. బలపరిచిన తీర్మానాన్ని పక్కన పెట్టడానికి అధ్యక్షురాలికి అధికారం లేదు. "చర్చ," అంది విన్‌ఫ్రెడ్.

లొరెట్టా లేచింది. "అధ్యక్షురాలి ద్వారా మార్లీన్‌ని అడుగుతున్నాను. మా ఆయన నీ దగ్గరికి ఎందుకొస్తున్నాడు?"

"ఇష్టమైతే జవాబు చెప్పవచ్చు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. అస్సలు చెప్పక్కర్లేదు," అంది విన్‌ఫ్రెడ్. ఈవిడ కూడా వెనకేసుకొస్తోందని జనం గొణిగారు.

మార్లీన్ లేచి నిలబడింది. ఒక్క వాక్యం చెబితే చాలు. పరువు దక్కుతుంది, మొగుడు దక్కుతాడు. ఇన్నేళ్లు వంటింటి బల్ల మీద నిద్ర ఆపుకుంటూ చదివిన చదువు దక్కుతుంది. గరిటె పట్టుకుని నిలబడ్డ ఆర్మండ్ ముఖం చూస్తే ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరెట్ వైపు ఆమె చూడను కూడా లేదు. చూస్తే అదీ ఒక జవాబే అవుతుంది.

"నేనేమీ చెప్పను. ఓటు వేసుకోండి," అని కూర్చుంది.

"తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్లు..." అంది విన్‌ఫ్రెడ్, సుత్తి ఎత్తి.

"ఆగండి," అన్నాడు ఎవరెట్.

అతను నిలబడితే వెనక రెండు వరుసలకు వేదిక కనిపించదు. "అధ్యక్షురాలి ద్వారా మా ఆవిడకి చెబుతున్నా. నేను వెల్డింగ్‌కి వెళ్లట్లేదు. ఏడవడానికి వెళ్తున్నా. వరదలో మిల్లు వంతెన కొట్టుకుపోయిన రోజు నేను దాని మీదే ఉన్నా. ఇవతలికి దూకి బతికా. అప్పట్నుంచి వాన పడితే నాకు ఒళ్లంతా వణుకు. ఇంత మనిషిని, మంచం మీద కూర్చుని వణుకుతా. ఈవిడ దగ్గర కూర్చున్నాక కాస్త నిద్ర పడుతోంది. అంతే."

వంటశాలలో ఏదో పొంగి పొయ్యి మీద పడినా ఎవరూ కదల్లేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది లొరెట్టా. అధ్యక్షురాలి ద్వారా కాదు.

"నీకు చెబితే ఊరి నోటీసు బోర్డుకి అంటించినట్టే కదా, లొరెట్టా."

నవ్వకుండా ఉండడానికి కొందరు బూట్లు చూసుకున్నారు. లొరెట్టా నవ్వలేదు, కోప్పడలేదు. కుర్చీలో కూలబడి మొగుడి ముఖంలోకి, ఇన్నాళ్లూ చూడనిదేదో చూస్తున్నట్టు, అలా చూస్తూ ఉండిపోయింది.

"నా తీర్మానం వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు ఆరిన్ స్టాడర్డ్ గొణుగుతూ.

"కారణం?" అడిగింది విన్‌ఫ్రెడ్. ఆమెకు తెలియక కాదు. అధ్యక్షురాలు అడగాలి కనుక అడిగింది.

"ఆ పాల లారీ నాది."

భోజనాలకి లేచారు. ఆర్మండ్ అందరికంటే ముందు భార్యకు పళ్లెం నింపి తెచ్చాడు. సిగ్గుతో తలెత్తలేకపోతున్నాడు.

"నీ గదికి ఈగ కూడా రావట్లేదనుకున్నానే! పాపం, దిగులు పడుతోందని ఇన్నాళ్లూ గిన్నెలన్నీ నేనే తోముతున్నా."

"ఎవరైనా వస్తున్నారని నేనన్నానా?" అంది మార్లీన్, పళ్లెం అందుకుంటూ. "రేపు కూడా తోముదువుగాని. నన్ను అనుమానించావు కదా."

విన్‌ఫ్రెడ్ బల్ల మీద కేకు ముక్కల పళ్లెం పక్కకి జరిపి, లొరెట్టా ఎదుట సంతకం పెట్టింది. 'నడవడిక మంచిది' అన్న చోట కలం కాస్త గట్టిగానే ఒత్తింది. ఇక మిగిలింది ముద్ర. వాళ్ల వెనక కాఫీ కోసం సగం ఊరు వరుసలో నిలబడి ఉంది.

లొరెట్టా ముద్ర బయటికి తీసింది, పైకెత్తింది, ఆగింది. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ముందుకు వంగి, తన లెక్కన గుసగుసగా అడిగింది.

"మార్లీన్, ఆ వరద రాత్రి ఆయన తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడ్డది నేను. నాకూ నిద్ర లేదు. నాక్కూడా వారానికో గంట ఇస్తావా?"

భార్యాభర్తల్ని విడివిడిగా ఒకే కౌన్సెలర్ చూడకూడదు. ముద్ర ఇంకా గాల్లోనే ఉంది. విన్‌ఫ్రెడ్ పైకప్పు వైపు చూస్తోంది.

"నేను నిన్ను చూడలేను, లొరెట్టా. మంచి మనిషి పేరొకటి రాసిస్తాను, ఆవిడ దగ్గరికి వెళ్లు."

"నువ్వెందుకు చూడలేవు?"

"అది చెప్పలేను."

"ఎందుకో ఇందాక ఊరంతా విన్నది కదే!"

"ఊరు విని ఉండొచ్చు. నేను మాత్రం చెప్పలేను."

లొరెట్టా చెయ్యి దించి, బల్ల అదిరేలా ముద్ర గుద్దింది.

"అయితే నువ్వు నిజంగానే పనికొస్తావు," అంది ముక్కు తుడుచుకుంటూ. "నేనిలా అడిగినట్టు మాత్రం ఎవరికీ చెప్పకు."

లొరెట్టా పెల్కీ గుసగుస వీధి చివరి దాకా వినిపిస్తుంది కనుక, ఆ రహస్యాన్ని ఊరు ఊరంతా ఇప్పటికీ ఎంతో గుట్టుగా కాపాడుతోంది.