తోడల్లుడి పువ్వు

ఆ ఉదయం పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, భూతద్దం తుడవాలి, సాయంత్రంలోగా తోడల్లుడి పరువు తీయాలి.

అల్లుళ్ళిద్దరిదీ ఎండబెట్టిన మొక్కల మ్యూజియంలోనే ఉద్యోగం. పెద్దాయన అట్టలకి మొక్కలు అంటిస్తూనే బట్టతల తెచ్చుకున్నాడు. చిన్నాయన మాత్రం కారు టైరు పంక్చరై కిందికి దిగి, రోడ్డు పక్కన ఏకంగా కొత్త జాతి పువ్వునే కనిపెట్టాడు.

"టైరు పోయినా మా మరిదికి పేరొచ్చింది. మీకు టైర్లన్నీ బాగున్నా ఏమీ రాలేదు," అంది పెద్దాయన భార్య. ఆయన భూతద్దం జేబులో వేసుకున్నాడు.

ఎప్పుడో అంతరించిపోయిన పువ్వొకటి అచ్చం ఇలాగే ఉండేది. తేడా ఒక్కటే. పాతదానికి రేకుల వెనక సన్నటి నూగు, కొత్తదానికి నునుపు. నూగు కనబడిందంటే కొత్త జాతీ లేదు, సాయంత్రం చిన్నాయనకి జరగబోయే సన్మానమూ లేదు.

బట్టతలకి చలేస్తోందని మఫ్లర్ చుట్టుకుని పువ్వు మీదికి వంగాడు. నూగు కనిపించింది. ప్రాణం లేచొచ్చి డైరెక్టరు గదికి పరిగెత్తాడు.

"సార్, ఇది కొత్తది కాదు. ఆ పాతదే."

డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "అంటే పోయిందనుకున్న పువ్వు బతికే ఉందా? మీ తోడల్లుడు మామూలోడు కాదండీ."

పాపం, పెద్దాయన అంతవరకూ ఆలోచించలేదు. మధ్యాహ్నానికల్లా టీవీవాళ్ళు దిగారు, చిన్నాయన మెడలో దండ పడింది. పెద్దాయనకి ఇంటినుంచి ఫోనొచ్చింది.

"టీవీలో మా మరిదికి అడ్డొస్తున్నారు. కాస్త పక్కకి జరగండి."

జరిగి జరిగి మళ్ళీ భూతద్దం దగ్గరికే చేరాడు. ఎలాగైనా ఇది పాత పువ్వు కాకూడదు. చూస్తే, నూగు మఫ్లర్ రంగులోనే ఉంది. ఉఫ్ అని ఊదాడు. ఎగిరిపోయింది. ఆ సంబరంలో ఒళ్ళు తెలియక కెమెరాల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇది పాతది కానే కాదు, కొత్తదే. ఆ నూగు నా మఫ్లర్‌ది."

హాలంతా నవ్వింది. అప్పుడు తెలిసొచ్చింది, తీసిన పరువు ఎవరిదో. చిన్నాయన మాత్రం నవ్వకుండా దండ తీసి ఆయన మెడలో వేశాడు.

"పరువు పోతుందని తెలిసీ అన్నయ్యగారు నిజం చెప్పారు. ఈ పువ్వుకి ఆయన పేరే పెడతాను."

"ఎలాగూ నున్నగానే ఉంది," అన్నాడు డైరెక్టరు, మఫ్లర్ జారిన తల వంక చూస్తూ.

పెద్దాయన దండతోనే ఇంటికెళ్ళాడు. తన పేరు, తన పువ్వు. ఇక ఈ జన్మకి ఎవరిమీదా అసూయ అక్కర్లేదు. భార్య కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"మీ పేరు పెట్టాడంటే, ఎంత పెద్ద మనసండీ మా మరిదిది."