గొలుగొండ దారిలో సూరన్న జీపు జైత్రయాత్ర

ధూళిధూసరిత దిగంతమును, ఇడ్లీబాష్పపరిమళభరితమును అగు నర్సీపట్నపు బస్టాండున, పంతొమ్మిదివందల డెబ్బయ్యెనిమిదవ సంవత్సర గ్రీష్మప్రభాతమున, గొలుగొండ దారికి ఏకచ్ఛత్రాధిపతియై వెలుగొందు రామనాథంగారి బస్సునకు ఎదురుగా, అద్దెజీపును అధిరోహించి సూరన్న యను వీరుడు ప్రవేశించెను. ఆనాడు జీపు నిండవలెను. నిండనిచో యజమాని సాయంకాలమునకే తాళము లాగికొనును, సూరన్న మరల ఎడ్లబండి తోలుకొనవలెను. పాపము, ఆతని గుండె ఇంజనుకన్న ముందే దడదడలాడుచుండెను.

"అమ్మల్లారా, అయ్యల్లారా! బస్సోడు రూపాయి గుంజుతన్నాడు. నాను ముప్పావలాకే గొలుగొండ సేరుస్తాను! గంపకి ఏరే, ముందు సీటుకి ఏరే, గాలి మాత్రం ఉత్తినే! బేగి ఎక్కండి!" అని ఆతడు సింహనాదము చేసెను.

టికెట్టుసంచీధరుడు, విజిలాయుధుడు అగు బస్సు కండక్టరు సింగన్న కన్నులెఱ్ఱజేసి, "మాదీ ముప్పావలాయే! గంపకి ఏటీ ఇవ్వక్కర్నేదు!" అని ప్రత్యస్త్రము సంధించెను.

జనవాహిని జీపుకడకు ఉఱికెను, బస్సుకడకు మరలెను. కిటికీలోనుండి తువ్వాలు విసరి సీటు పట్టుట మా ఊరి సనాతనధర్మము. ఆనాడు ఆశపోతులై అందఱును రెంటిలోను విసరిరి. బడిపంతులు సుందరరామయ్యగారు బస్సులో తువ్వాలును, జీపులో జరీ ఉత్తరీయమును పఱచి, "తొందరపడకండి, ఇంకా తగ్గిస్తారు" అని ఉపదేశించి, ఎల్లర తోడ టీకొట్టు చేరిరి. రెండు వాహనములును బట్టలతో నిండెను, మనిషి మాత్రము ఒక్కడును లేడు. పరుల తువ్వాలు తొలగించుట మహాపాతకము గనుక క్రొత్తవారికిని చోటు లేకపోయెను.

సూరన్నకు ఏడుపు ముంచుకొచ్చెను. పిమ్మట తెగించి గేరు వేసెను. "తువ్వాళ్లు ఎక్కినాయి కదా! ఆటినే గొలుగొండలో దింపేస్తాను!"

"ఒరేయ్ సూరన్నా, ఆగరా! అది మా మావగారు పెట్టిన ఉత్తరీయంరా!" అని ఆక్రోశించుచు సుందరరామయ్యగారు టీగ్లాసుతోనే పరుగెత్తిరి. వారి వెనుక వస్త్రార్థులైన వీరులెల్లరు పరుగెత్తి, కదలుచున్న జీపులోనికి ఒకరిమీద ఒకరు లంఘించిరి. సింగన్న విజిలూది బస్సును వెంటదరిమించెను గాని, అప్పటికి జనమంతయు జీపులోనే యుండెను.

గొలుగొండలో సూరన్న మనుష్యులను దింపెను. వెనుక వచ్చిన సింగన్న తువ్వాళ్లను దింపెను. సాయంకాలము తాళము సూరన్న మొలలోనే భద్రముగా నుండెను.

ముల్లోకములారా, వినుడు! దుర్జయమగు బస్సును చిత్తుచేసి, ఒక ట్రిప్పు, ఒక్కటంటే ఒక్క ట్రిప్పు, గెలిచిన సూరన్నకు జయము జయము!